ఆటోనగర్ షెడ్డులో ఎయిర్ గ్రీజు పంపు: బిగించడం, నడపడం, లారీకి గ్రీజు కొట్టడం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ పని చేసే షెడ్లలో చేతి గ్రీజు గన్ నెమ్మదిగా మూలకు చేరుతోంది. దాని స్థానంలో కంప్రెసర్ గాలితో నడిచే బకెట్ పంపు వస్తోంది. కొనడం తేలికే, నడపడమే ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అందుకే గ్రీజు రాకపోతే కుర్రాళ్ళు చేసే మొదటి పని రెగ్యులేటర్ తిప్పి గాలి పెంచడం. లోపం దాదాపు ఎప్పుడూ గాలి దగ్గర ఉండదు, బకెట్లోనో, బండికి గ్రీజు ఎక్కించే చిన్న మూతి అయిన నిపుల్లోనో ఉంటుంది. అది తెలియక ఒత్తిడి పెంచుతూ పోతే సీళ్ళు పోతాయి, హోస్ పగులుతుంది, కొన్నిసార్లు వేలు కూడా పోతుంది. గాలి పెంచకుండానే పంపు సాఫీగా ఎలా నడుస్తుందో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందు లోపల ఏం జరుగుతుందో

పంపు పైన లావుగా కనిపించేది ఎయిర్ మోటారు. అందులో పెద్ద పిస్టన్ గాలితో పైకీ కిందకీ ఆడుతుంది. దాని రాడ్డు బకెట్ అడుగు దాకా దిగి, అక్కడ సన్నటి ప్లంజరును ఆడిస్తుంది. పెద్ద పిస్టన్ వైశాల్యం ప్లంజరు కన్నా 50 రెట్లు ఉంటే దాన్ని 50:1 పంపు అంటారు. 6 బార్ల (బార్, పీఎస్‌ఐ రెండూ ఒత్తిడి కొలతలే) గాలి ఇస్తే లెక్క ప్రకారం గ్రీజు వైపు 300 బార్లు. షెడ్డు భాషలో చెప్పాలంటే 100 పీఎస్‌ఐ గాలికి 5,000 పీఎస్‌ఐ గ్రీజు. రాపిడికి కొంత పోయినా మిగిలేది చిన్న ఒత్తిడి కాదు. రెగ్యులేటర్‌లో ఒక్క బార్ పెంచితే అవతల 50 బార్లు పెరుగుతాయి. పంపు ముట్టుకునే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఈ లెక్క చెప్పండి.

రెండో సంగతి గ్రీజు స్వభావం. గ్రీజు అంటే నూనెను పట్టి ఉంచిన సబ్బే. లిథియం గ్రీజులో లిథియం సబ్బు, కాల్షియం గ్రీజులో కాల్షియం సబ్బు. అందుకే అది నూనెలా తనంతట తాను పారి పంపు నోటి దగ్గరికి రాదు. పంపు తన చుట్టూ ఉన్నంత పీల్చేసి గుంత చేస్తుంది, ఆపైన ఆ గుంతలోని గాలినే పీలుస్తుంది. బకెట్లో సగం గ్రీజు గోడలకు అంటుకుని కనిపిస్తూనే ఉంటుంది, గన్‌లో మాత్రం ఏమీ రాదు.

దీనికి మందు గ్రీజు మీద కూర్చునే రబ్బరు అంచు పళ్ళెం. షాపులో ఫాలోవర్ ప్లేట్ అని అడగండి. పంపు పీల్చేకొద్దీ పళ్ళెం కింద ఖాళీ ఏర్పడబోతుంది, పైనున్న వాతావరణ పీడనం పళ్ళేన్ని కిందకు నొక్కుతుంది, గ్రీజు పంపు నోటికి చేరుతుంది. ఖర్చు తగ్గుతుందని కొందరు ఇది లేకుండా పంపు కొంటారు. కొనకండి. అది లేని గ్రీజు పంపు సగం పంపే.

ఏమేం కావాలి

పంపు, మూత, ఫాలోవర్ ప్లేట్, లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న హై ప్రెషర్ హోస్, తిరిగే జాయింటు ఉన్న గన్, నిపుల్‌ని పట్టుకునే నాలుగు దవడల కప్లర్. గాలి వైపు నీళ్ళు పట్టే ఫిల్టరు, రెగ్యులేటరు, నూనె చుక్క వేసే లూబ్రికేటరు కలిసిన సెట్టు ఒకటి. దీన్ని ఎఫ్ఆర్ఎల్ అంటారు. దాని పక్కనే గాలి ఆపే వాల్వు ఉండాలి. మూసినప్పుడు పంపు వైపు మిగిలిన గాలిని బయటికి వదిలే రకమే తీసుకోండి.

షాపుకి వెళ్ళేటప్పుడు మీరు వాడే గ్రీజు ఖాళీ బకెట్ వెంట తీసుకెళ్ళండి. కంపెనీకో కొలత ఉంటుంది, పైగా ప్లాస్టిక్ బకెట్ అడుగుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఫాలోవర్ ప్లేట్ రబ్బరు అంచు పైన గోడకు తగులుతూ, అడుగున మడతపడి కూడా దిగాలి. అక్కడే కౌంటరు మీద పెట్టి నొక్కి చూడండి. సగంలో ఇరుక్కుంటే ఇంకో సైజు అడగండి.

హోస్ మీద అచ్చువేసిన వర్కింగ్ ప్రెషర్ మీ పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి కన్నా ఎక్కువ ఉండాలి. గాలి పైపునో, పాత హైడ్రాలిక్ పైపు ముక్కనో క్లిప్పు వేసి బిగించే పని మాత్రం పెట్టుకోవద్దు.

ఇక గ్రీజు. డబ్బా మీద ఎన్ఎల్‌జీఐ నంబరు ఉంటుంది, గ్రీజు ఎంత గట్టిదో చెప్పే అంకె అది. 25 డిగ్రీల దగ్గర ఒక ప్రామాణిక శంకువు గ్రీజులోకి ఎంత దిగుతుందో మిల్లీమీటరులో పదో వంతుల్లో కొలుస్తారు. నంబరు 2 అయితే 265 నుంచి 295, నంబరు 3 అయితే 220 నుంచి 250. అంకె పెరిగితే గ్రీజు గట్టిపడుతుంది. పంపుకి నంబరు 2 లిథియం గ్రీజు హాయిగా నడుస్తుంది. మనవాళ్ళు వీల్ బేరింగులకు వాడే ఏపీ3 గట్టి రకం. దాన్ని పొడుగు హోస్‌లో నెట్టమంటే పంపు మూలుగుతుంది. అది చేత్తో బేరింగులో కూరడానికే ఉంచుకోండి.

రంగు చూసి గ్రీజు కలపకండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వేసినవే, లోపలి సబ్బు ఏదో రంగు చెప్పదు. సోడియం గ్రీజూ లిథియం గ్రీజూ కలిస్తే రెండూ పలచబడి కారిపోతాయి. రకం మార్చాల్సి వస్తే హోస్‌లో ఉన్న పాత గ్రీజంతా బయటికి తోసేసి, ప్లేటు, పంపు గొట్టం తుడిచి, అప్పుడు కొత్త బకెట్ ఎక్కించండి.

బకెట్ ఎక్కించడం

ఈ పనికి తొందర పనికిరాదు. ఇక్కడ శ్రద్ధ పెడితే బకెట్ అయ్యేదాకా టెన్షన్ ఉండదు.

ముందు చోటు చూడండి. గ్రైండర్ ఆడే చోట, పెయింట్ గీకే చోట, రోడ్డు దుమ్ము నేరుగా వచ్చే గుమ్మంలో బకెట్ మూత తీయకండి. గ్రీజులో ఇసుక రేణువులు పడితే అది వాల్వులు గ్రైండ్ చేసే పేస్టు అయి కూర్చుంటుంది, పిన్నునీ బుష్‌నీ మీ చేత్తోనే అరగదీసినట్టు. మూత తీసే ముందే దాని చుట్టూ తుడవండి. తుడిచేది పోగులు ఊడే వేస్టు కాకుండా బనియన్ గుడ్డ అయితే మంచిది.

మూత తీయగానే పైన పలచని నూనె పొర కనిపించవచ్చు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెట్టిన బకెట్లో ఇది మామూలే, వేడికి సబ్బు పట్టులోంచి నూనె కాస్త బయటికి వస్తుంది. పారబోయకుండా శుభ్రమైన గరిటెతో పై గ్రీజులోకే కలిపేయండి. నూనె చాలా తేలి, అడుగున గ్రీజు గట్టిపడి ఉంటే మాత్రం ఆ బకెట్ పంపుకి పెట్టకండి. కొత్త బకెట్లని ఎండ తగలని గోడ వైపు, నిలువుగా, మూత బిగించి ఉంచుకోండి.

తర్వాత గ్రీజు పైభాగాన్ని గరిటెతో చదును చేయండి. మధ్యలో గుంత ఉంటే పక్కనున్న గ్రీజుతో పూడ్చండి. బకెట్‌ని చెక్క మీద నాలుగుసార్లు మెత్తగా కుదిపితే లోపలి ఖాళీలు కొంత సర్దుకుంటాయి. ఇప్పుడు ఫాలోవర్ ప్లేట్‌ని వాలకుండా సమంగా పెట్టి రెండు చేతులతో కిందకు నొక్కండి. మధ్య రంధ్రం చూస్తూ ఉండండి. మొదట గాలి బుస్సుమని వస్తుంది, తర్వాత గ్రీజు మధ్యలో బుడగలుగా చిట్లుతుంది. బుడగలు ఆగి, రంధ్రం అంచు పొడవునా గ్రీజు నున్నగా, ఒకే ఎత్తులో పైకి ఉబకాలి. అలా ఉబికాకే ప్లేటు కింద గాలి పోయినట్టు. ఒక పక్క ఉబికి ఇంకో పక్క ఉబకకపోతే ప్లేటు వాలింది, తీసి మళ్ళీ పెట్టండి.

పంపు గొట్టాన్ని బయట తుడిచి, ఆ రంధ్రంలోంచి నిదానంగా దించండి. పంపుని నేల మీద పడుకోబెట్టి ఉంటే కింది నోటికి ఇసుక అంటిందేమో చూడటం మరవద్దు. మూత స్క్రూలు బిగించండి. మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటే దాన్ని టేపుతో మూయకండి, ప్లేటు మీదకు గాలి వెళ్ళాల్సింది అక్కడినుంచే.

గాలి ఇచ్చి పంపుని పట్టించడం

రోజూ పొద్దున కంప్రెసర్ ట్యాంకు కింది డ్రెయిన్ తెరిచి నీళ్ళు వదలండి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, గాలిలో తేమకు కొదవ లేదు. వానాకాలంలో అయితే మధ్యాహ్నం ఇంకోసారి వదలాలి. ఆ నీళ్ళు ఎయిర్ మోటారులోకి పోతే లోపల తుప్పు పట్టి, పిస్టన్ సగంలో ఆగిపోతుంది. లూబ్రికేటర్ గిన్నెలో పలచని ఎయిర్ టూల్ ఆయిల్ పోయండి, ఇంజన్ ఆయిల్ వద్దు.

గన్ తీసేయండి. హోస్ చివర ఒక ఖాళీ డబ్బాలో పెట్టి, బయటికి ఎగరకుండా గట్టిగా పట్టుకోండి, వేలు మాత్రం నోటికి అడ్డం పెట్టొద్దు. రెగ్యులేటర్ పూర్తిగా వదులు చేసి, గాలి వాల్వు తెరిచి, 2 బార్ల దగ్గర మొదలుపెట్టండి. పంపు నిదానంగా టక్కుటక్కుమని కొట్టాలి. మొదట హోస్ చివర గాలి, తర్వాత తుంపర్లు, మధ్యలో పటపటమని చిట్లే గ్రీజు వస్తాయి. తెగకుండా ఒకే మందంతో గ్రీజు వచ్చాక గాలి ఆపి, గన్ బిగించండి.

మళ్ళీ గాలి ఇవ్వండి. గన్ ట్రిగ్గర్ వదిలేసి ఉండగా పంపు ఒకటి రెండు దెబ్బలు కొట్టి ఆగిపోవాలి. ఆగిందంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. ఆగకుండా అప్పుడప్పుడూ ఒక దెబ్బ కొడుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా పంపులో గ్రీజుని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు కింద చెత్త ఇరుక్కుంది. కారే చోటు వెతకడానికి హోస్ మీద చెయ్యి ఆనించి పోనివ్వకండి. అట్ట ముక్కతో చూడండి.

ఇక పని ఒత్తిడి. చాసిస్ గ్రీజుకి 4 నుంచి 6 బార్ల గాలి చాలు. పంపు ఒంటి మీద అంటించిన రేకులో గరిష్ఠ గాలి ఒత్తిడి రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు. ట్రిగ్గర్ ఎంతసేపు నొక్కితే ఎంత గ్రీజు వస్తుందో కూడా ఒకసారి తూచి చూసుకోండి. తూకం మీద ఖాళీ డబ్బా పెట్టి, అందులోకి ఐదు సెకన్లు వదిలితే మీ పంపు లెక్క మీకు తెలుస్తుంది. గాలి గన్‌తో గ్రీజు ఎక్కువైపోవడమే తప్ప తక్కువ కావడం అరుదు.

లారీ కింద

కప్లర్ పెట్టే ముందు నిపుల్ తుడవాలి. తుడవకుండా కొడితే నిపుల్ మీది మట్టి ముందు లోపలికి పోతుంది, దాని వెనక గ్రీజు. ఇప్పుడు మనం వాడే ఈ గుండ్రటి తల నిపుల్‌కి ఆస్కార్ జెర్క్ 1929లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. లోపల స్ప్రింగు మీద చిన్న గోళీ ఉంటుంది, గ్రీజు నెట్టితే లోపలికి పోయి, వదిలితే మూసుకుంటుంది. ఆ గోళీ మట్టితో బిగుసుకుంటే గ్రీజు పోదు. మేస్త్రీ గాలి పెంచమనేది సరిగ్గా ఇక్కడే. పెంచకండి. స్పానర్‌తో నిపుల్ విప్పి, రంధ్రంలో గట్టిపడిన పాత గ్రీజు తీసి, కొత్త నిపుల్ వేయండి. నిపుల్ ధర ఎంత, కప్లర్ ఊడి మొహం మీదకు గ్రీజు వస్తే అయ్యే ఖర్చెంత!

కప్లర్‌ని నిటారుగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. తీసేటప్పుడు నేరుగా లాగితే రాదు, పక్కకు వంచి తిప్పుతూ తీయండి, లోపలి ఒత్తిడి అలా వదులుతుంది.

కమాన్ కట్టలను చాసిస్‌కి తగిలించే షాకిల్ పిన్నులకు, ముందు చక్రాలు పక్కలకు తిరిగే కింగ్ పిన్నులకు జాకీ వేసి బరువు దించి గ్రీజు కొట్టాలి. బరువు మీద ఉండగా కొడితే పిన్నుకి ఖాళీ ఉన్న వైపే గ్రీజు పోతుంది, అరిగే వైపు పొడిగానే మిగులుతుంది. జాకీని మాత్రమే నమ్మి కిందకు దూరకండి, స్టాండు పెట్టి, చక్రాలకు అడ్డు వేయండి. అంచుల్లోంచి నల్లటి పాత గ్రీజు వచ్చి, దాని వెనక కొత్త గ్రీజు రంగు కనిపించగానే ఆపేయండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు అయిన క్రాస్ దగ్గర నాలుగు కప్పుల్లోంచీ గ్రీజు రావాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే షాఫ్ట్‌ని కాస్త అటూ ఇటూ కదిపి మళ్ళీ కొట్టండి. అప్పటికీ రాకపోతే ఆ కప్పులో బేరింగు సూదులు ఎండిపోతున్నట్టు లెక్క, క్రాస్ విప్పి చూడాల్సిందే.

బ్రేకు క్యామ్ షాఫ్ట్ దగ్గర మాత్రం ఎయిర్ గన్ పక్కన పెట్టి చేతి గన్ తీయండి. అక్కడ గ్రీజు ఎక్కువైతే లోపల లైనర్ల మీదకు పోతుంది, బ్రేకు పట్టదు. క్లచ్ బేరింగు కూడా అంతే, కొద్దిగా చాలు. వీల్ బేరింగులకు అసలు ఈ పంపుతో పనిలేదు.

ఏ బండికి ఎన్నాళ్ళకో బండి మాన్యువల్ చెబుతుంది, కానీ అది మామూలు రోడ్డుకు. కృష్ణలో ఇసుక తోలే టిప్పర్లు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద తెచ్చే బండ్లు, నీళ్ళలో, దుమ్ములో తిరిగేవన్నీ ఇంకా ముందే రావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ముంచినట్టు ఎప్పుడైనా బండి నీళ్ళలో నిలిస్తే, స్టార్ట్ అయింది కదా అని రోడ్డెక్కించొద్దు. నిపుల్లో కొట్టి చూడండి, పాలలా తెల్లబడిన గ్రీజు వస్తుంది. అది నీళ్ళు కలిసిన గ్రీజు. తెలుపు పూర్తిగా పోయి అసలు రంగు వచ్చేదాకా కొట్టాలి. వీల్ హబ్బులు విప్పి బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూరాలి.

పంపు మొరాయిస్తే

పంపు గబగబా కొడుతూ గ్రీజు రాకపోతే అది గాలి పీలుస్తోంది. బకెట్ అయిపోయి ఉండాలి, లేదా ఫాలోవర్ ప్లేట్ గోడకు ఇరుక్కుని దాని కింద ఖాళీ వచ్చి ఉండాలి. గాలి ఆపి, ఒత్తిడి వదిలి, మూత తీసి ప్లేటు నొక్కండి. పంపు అసలు కదలకపోతే ముందు కప్లరూ నిపులూ చూడండి, తర్వాత గాలి వస్తోందో లేదో, ఆ తర్వాత ఎయిర్ మోటారు సైలెన్సరు మూసుకుపోయిందేమో. నిదానంగా కొడుతూ, మధ్యమధ్య ఆగుతుంటే ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు నిండి ఉంటాయి.

వేలు

ఇది ఇంట్లో వాళ్ళకీ చెప్పి ఉంచండి. హోస్‌కి సన్నటి చిల్లు పడినా, గన్ మూతి మీద వేలు పెట్టినా, గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గ్లవుజు దాన్ని ఆపలేదు. పైకి కనిపించేది ముల్లు గుచ్చుకున్నంత చుక్క. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే కుర్రాడు తుడుచుకుని పనిలో పడతాడు. లోపల గ్రీజు నరాల వెంట, కండరాల వెంట పాకి, గంటల్లో వేలు వాచి బిగుసుకుంటుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది.

పిండొద్దు, కట్టు కట్టి ఇంటికి పంపొద్దు. ఉంగరం ఉంటే తీసేయండి. ఆపరేషను అవసరం కావచ్చు కాబట్టి ఏమీ తినిపించొద్దు. 108కి ఫోన్ చేసో, బండి ఎక్కించో సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. గాయం చిన్నదని వరుసలో కూర్చోబెడితే ఊరుకోకండి. ‘హై ప్రెషర్ గ్రీజు లోపలికి పోయింది’ అని గట్టిగా, అదే మాటల్లో చెప్పండి. గ్రీజు డబ్బా మీది పేరు ఫోన్‌లో ఫొటో తీసుకెళ్ళండి. వేలు దక్కేది మొదటి కొన్ని గంటల్లోనే.

సాయంత్రం

షట్టర్ దించే ముందు గాలి వాల్వు మూసి, గన్‌ని డబ్బాలో పెట్టి ట్రిగ్గర్ నొక్కి ఉంచండి, గ్రీజు రావడం ఆగేదాకా. కంప్రెసర్ ఆపాం కదా అని వదిలేయొద్దు, ట్యాంకులో గాలి ఉంటుంది. రాత్రి హోస్ జాయింటు ఊడిందంటే పంపు తన పని తాను చేసుకుపోతుంది, పొద్దున్నే బకెట్ గ్రీజంతా నేల మీద ఉంటుంది. కింద పడిన గ్రీజుని రంపపు పొట్టు చల్లి ఎత్తి, పాత గ్రీజు డబ్బాలో వేయండి. మురుగు కాలవలోకి కడిగితే అది ఊళ్ళోని కాలువల దాకా పోతుంది.

చేతులు డీజిలుతోనో పెట్రోలుతోనో కడిగే అలవాటు మాన్పించండి, చర్మం పగిలి పుండ్లు పడుతుంది. చేతులు కడిగే పేస్టు సబ్బు బకెట్లలో దొరుకుతుంది. దానికీ ఇదే సూత్రం: పేస్టు పారదు, కాబట్టి మీద ఫాలోవర్ ప్లేట్ ఉన్న చేతి పంపు పెడితే చివరి గుప్పెడు దాకా వస్తుంది. దానికి ఎయిర్ పంపు వద్దు, ఆ సబ్బులో ఉండే గరుకు రేణువులు ప్లంజరుని గీరేస్తాయి. పంపు మూతిని రోజూ తడిగుడ్డతో తుడిస్తే ఎండిపోకుండా మర్నాడు మొదటి నొక్కుకే సబ్బు వస్తుంది.